మంట ఒకటే, మర్జులు వేరు

ఉర్దూ మీడియంలో చదువుకునే రోజుల్లో అఖ్బారు మొత్తంలో నాకు అర్థం కాని మాటలు రెండే ఉండేవి. చివరి పేజీలో, హకీముల ఇష్తెహారుల్లో కనిపించేవి: సూజాక్, ఆతిషక్. ఒకసారి మావాడొకడు క్లాసులో లేచి సూజాక్ అంటే ఏంటని అడిగేశాడు. ఉస్తాద్ కాసేపు కిటికీ వైపు చూసి, "పోయి నీళ్లు తాగి రా" అన్నారు. వాడు నిజంగానే పోయి తాగి వచ్చాడు. మానీ మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేనే తర్వాత లుగత్ తీసి చూసుకున్నాను. సోజ్ అంటే మంట, దాన్నుంచి సూజాక్. ఆతిష్ అంటే నిప్పు, దాన్నుంచి ఆతిషక్. డాక్టర్ల భాషలో మొదటిది గనేరియా, రెండోది సిఫిలిస్. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు మన వైపు మాట కూడా దొరికింది: సెగ. అక్కడా మంటే. ఏ భాషవాళ్లైనా రోగికి ఏమనిపిస్తుందో దాన్నే రోగానికి పేరుగా పెట్టేశారు. ఆ మంట ఎక్కణ్నుంచి వస్తోందో ఆ పేరు చెప్పదు. సగం గోల ఇక్కడే మొదలైందని నా అనుమానం.

పాత హకీములకు ఈ తేడా తెలియదని కాదు. వెయ్యేళ్ల కింద ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో మూత్రంలో మంటకు ఒకటి కాదు, వేర్వేరు కారణాలు రాశాడు. మూత్రమే ఘాటెక్కడం వేరు, లోపల పుండు పడటం వేరు. తష్ఖీస్, అంటే రోగ నిర్ధారణ, ముందు, ఇలాజ్ తర్వాత. తిబ్బ్‌లో మొదటి సబఖ్ అదే. కొత్త జబ్బు వచ్చినప్పుడూ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 16వ శతాబ్దంలో ఇరాన్ హకీమ్ ఇమాదుద్దీన్ మహమూద్ షీరాజీ ఆతిషక్ మీదే విడిగా ఒక రిసాలా రాశాడు. అదే శతాబ్దంలో మన దగ్గర భావప్రకాశం దానికి ఫిరంగ రోగమని పేరు పెట్టింది, పరంగులు తెచ్చిన రోగమని. దానికి వాడిన వేరును హకీములు చోబ్‌చీనీ అన్నారు, తెలుగువాళ్లు పరంగిచెక్క అన్నారు. రోగానికీ మందుకూ ఒకే ఊరి పేరు పెట్టడం మనవాళ్లకే చెల్లింది.

సూజాక్, ఆతిషక్ రెండూ వేరా, ఒకటేనా అన్న దగ్గర మాత్రం యూరప్‌లో పెద్ద గలతీ జరిగింది. చేసినవాడు ఆషామాషీ మనిషి కాదు, లండన్ సర్జన్ జాన్ హంటర్. 1767లో ఆయన సూజాక్ ఉన్న రోగి చీము తీసి, లాన్సెట్‌తో మర్మాంగం మీద రెండు చోట్ల గీరి ఎక్కించాడు. తన మీదే చేసుకున్నాడని చాలామంది రాశారు, కాదనే చరిత్రకారులూ ఉన్నారు. ఎవరి మీద చేసినా కొన్నాళ్లకు ఆతిషక్ పుండు లేచింది. చూశారా, చీము సూజాక్‌ది, పుండు ఆతిషక్‌ది, కాబట్టి విషం ఒక్కటే అని ఆయన తేల్చేశాడు. 1786లో కితాబు అచ్చేశాడు. చీము ఇచ్చిన రోగికి రెండు జబ్బులూ కలిసే ఉండి ఉంటాయన్నది ఇవాళ మన సమఝ్. ఆ ఖయాల్ హంటర్‌కు రాలేదు.

అంత పెద్ద పేరు కాబట్టి ఆ గలతీకి ఆయుష్షు ఎక్కువైంది. ఎడిన్‌బర్గ్‌లో బెంజమిన్ బెల్ 1793లోనే రెండూ వేరని రాసినా, పారిస్‌లో ఫిలిప్ రికార్ 1838లో తన పరీక్షల నతీజా బయటపెట్టాక గానీ వాదన తేలలేదు. ఆతిషక్‌కు అప్పటి మందు పాదరసం. చిగుళ్లు కుళ్లేవి, పళ్లు ఊడేవి, చొంగ ఆగేది కాదు. అంత జహర్ మింగాలంటే ముందు ఉన్న మర్జ్ ఏదో తెలియాలి కదా.

కంటితో చూసి తేల్చే ఈ పద్ధతి మన దగ్గరికి ఫౌజుతో వచ్చింది. గోరా సిపాయిలకు జబ్బులు పెరిగాయని అంగ్రేజు సర్కారు 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. కంటోన్మెంట్ల చుట్టూ ఉన్న ఔరతులను పేర్లు రాసుకుని పరీక్ష చేయడం, జబ్బు ఉందనిపిస్తే లాక్ హాస్పిటల్లో పెట్టడం. 1879లో బ్రెస్లావ్‌లో ఆల్బర్ట్ నైసర్ అనే 24 ఏళ్ల డాక్టరు ఖుర్దబీన్ కింద సూజాక్ క్రిమిని చూసేదాకా, ఒక స్త్రీకి అవుతున్న తెల్లబట్ట మామూలుదో, మర్జ్‌దో చెప్పే పక్కా పరీక్ష దునియాలో ఎక్కడా లేదు. మామూలు తెల్లబట్టకు ఎందరిని బంద్ చేశారో ఎవరు లెక్కపెట్టారు? చట్టం 1888లో రద్దయింది. సిపాయి జబ్బుకు ఔరత్ సజా అనుభవించిన ఆ ఇంతెజాం పోయినా, దానితో వచ్చిన షర్మ్ మన గల్లీల్లో ఉండిపోయిందని నేననుకుంటాను.

ఆ షర్మ్ మీదే చివరి పేజీ ఇష్తెహారులు బతికాయి. ఇలాంటి జబ్బులకు మందులని ప్రచారం చేయడం 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. హమ్‌దర్ద్ దవాఖానా దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఇది మా వాక్ స్వేచ్ఛ మీద దెబ్బ అని. 1959 డిసెంబర్ తీర్పులో కోర్టు చట్టంలో కొంత ముక్క కొట్టేసింది గానీ, ఇలాంటి మందుల ఇష్తెహారు వాక్ స్వేచ్ఛ కిందికి రాదని చెప్పింది. నేను బళ్లో చదివిన ప్రకటనలన్నీ ఆ తీర్పు తర్వాతవే. రైలు పట్టాల పక్క గోడల సంగతి మీరే చూస్తున్నారు.

ఇప్పుడు హకీమ్‌ను తిట్టి మెడికల్ షాపును వదిలేస్తే నా ఇన్సాఫ్ సగమే అవుతుంది. 1952లో హైడ్రోకార్టిజోన్ చర్మం మీద రాస్తే ఎగ్జిమా తగ్గుతుందని తేలింది. స్టెరాయిడ్ మలాముల కథ అక్కడ మొదలు. అది ఎరుపునూ దురదనూ అణచేస్తుంది, క్రిమిని చంపదు. తామర మీద రాస్తే మూడు రోజుల్లో హాయి, లోపల శిలీంధ్రానికి పండగ. తామర గుర్తుపట్టేది ఎర్రగా లేచిన అంచుతో. మలాము ఆ అంచునే చెరిపేస్తుంది. డాక్టరుకు చూపించేసరికి అది తామరలా కూడా ఉండదు. 1968లో బ్రిటన్ డాక్టర్లు దీనికి టీనియా ఇంకాగ్నిటో అని పేరు పెట్టారు. వేషం మార్చిన తామర. గజ్జల్లో చర్మం ముందే పల్చన, మడతల్లో తడి, అక్కడ మందు ఇంకా లోపలికి ఇంకుతుంది, చర్మం కాగితంలా అయి చారలు పడుతుంది. మన సర్కారు 2018లో 14 రకాల స్టెరాయిడ్ మలాములు చీటీ లేకుండా అమ్మొద్దని హుకుం ఇచ్చింది. మీ వీధి షాపులో అడిగి చూడండి. 2020లో శాస్త్రవేత్తలు మొండి తామర క్రిమి ఒకదానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే హిందుస్తాన్. చాలాకాలం నమ్మిన మందుకు కూడా అది లొంగడం లేదు.

దురద, మంట అనే రెండు మాటల వెనక ఇప్పుడు ఎన్ని ఉన్నాయో చూడండి. రాత్రిపూట ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికీ ఉంటే గజ్జి పురుగు కావచ్చు. పెరుగు తరకలాంటి తెలుపుతో మంట ఉంటే క్యాండిడా కావచ్చు, అది మాటిమాటికీ వస్తుంటే షుగర్ చూసుకోవాలి. నొప్పి లేని పుండును జనం వదిలేస్తారు, ఆతిషక్ అలాగే మొదలవుతుంది. నొప్పితో నీటి పొక్కులైతే హెర్పిస్. ఏ క్రిమీ లేకుండా, కొత్త సబ్బు వల్లో, పాకీ మీద ఎక్కువ శ్రద్ధతో యాంటీసెప్టిక్ నీళ్లు పోసుకోవడం వల్లో మండేవాళ్లూ ఉన్నారు. ఇన్ని "కావచ్చు"లు రాశానంటే కారణం ఉంది. 2002లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, తమకు క్యాండిడా అని తామే నిర్ణయించుకుని షాపులో మందు కొన్న 95 మంది స్త్రీలను పరీక్షిస్తే, ఒక్క క్యాండిడా మాత్రమే ఉన్నది మూడో వంతు మందికి. చదువుకున్నవాళ్ల హాల్ అది.

షర్మ్ దీన్‌లో భాగం కదా అనేవాళ్లు నాకు తెలుసు. హయా వేరు, దాచుకోవడం వేరు. మదీనా అన్సార్ స్త్రీలు తమ శరీరం గురించి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికే వచ్చి మసాయిల్ అడిగారు. దీన్ తెలుసుకోవడానికి హయాను అడ్డం పెట్టుకోలేదని హజ్రత్ ఆయిషా వాళ్లను మెచ్చుకున్నారు.

ఈ తారీఖ్ అంతా నేను తవ్వడానికి కారణం మా మామూ. ఆరేళ్ల కింద గజ్జల్లో దురదని షాపులో ట్యూబు తెచ్చుకున్నాడు. తగ్గింది, వచ్చింది, ఇంకో ట్యూబు. ఎనిమిది నెలలు. నడుము దాకా పాకాక, కూర్చోలేక, నన్ను ఒక్కణ్ని తోడు రమ్మన్నాడు, "ఘర్‌లో చెప్పకు బేటా" అని. డాక్టరమ్మ చర్మం గీరి పరీక్షకు పంపింది, వేలు గుచ్చి రక్తం చూసింది. తామర. దానికి తోడు షుగర్ 300 దాటి ఉంది, ఎన్నాళ్ల నుంచో అల్లాకే తెలుసు. ట్యూబు పక్కన పెట్టించి, మందులు రాసి, బట్టలు విడిగా ఉతికి ఎండలో ఆరేయమని చెప్పి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది. మామూ లేదన్నాడు.

ఆ సాయంత్రం ముమానీని నేనే అడిగాను, ఎలా అడగాలో తెలియక, లుంగీలు ఎవరు ఉతుకుతారని మొదలుపెట్టి. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా వెనక నుంచి ఒక ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టింది. మామూ పారేసిన ట్యూబే, చివరిదాకా పిండి ఉంది. ఆమెకు ఏడాది నుంచి ఉందట.