బూడిదకు రెండో మంట

వాడేసిన వంటనూనెను కట్టెల బూడిదతో బయోడీజిల్‌గా మార్చడం నిన్నమొన్నటి ప్రయోగమని అనుకుంటాం. ఇంధనం సంగతి ఎలా ఉన్నా, బూడిదను అందుకు సిద్ధం చేసే తీరు మాత్రం కనీసం 1790 నాటిది. ఆ ఏడాది జూలై 31న అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు ఏ యంత్రానికో కాదు, శామ్యూల్ హాప్కిన్స్ చెప్పిన పొటాష్ తయారీ పద్ధతికి దక్కింది. పొలాల కోసం అడవులు నరికి తగలబెట్టిన వలసదారులకు విత్తు వేయకముందే చేతికొచ్చే పంట బూడిద. దాన్ని నీళ్లలో నానబెట్టి, తేట వంచి, ఇనుప కాగుల్లో ఇగరబెడితే పొటాష్ మిగిలేది. సబ్బుకూ గాజుకూ అది కావాలి. హాప్కిన్స్ తెచ్చిన మార్పు చూడటానికి చిన్నదే: పచ్చి బూడిదను నీళ్లలో కలిపేముందు కొలిమిలో మరోసారి కాల్చాలన్నాడు. నేడు బూడిదను ఉత్ప్రేరకంగా వాడేవాళ్లు చాలామంది ముందు చేసేదీ ఇదే, కాకపోతే వేడిని 800 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళతారు. పోలిక పైపైదేనని ఎవరైనా అనవచ్చు. ఆయనకు కావలసింది నీళ్లలో కరిగే పొటాషియం కార్బొనేట్. ఇప్పటివాళ్లు బూడిదలోని కాల్షియం కార్బొనేట్ కాలి పొడిసున్నంగా మారాలని కూడా చూస్తారు. తేడా నిజమే. కానీ పొయ్యిలోంచి తీసిన బూడిద ఇంకా ముడిసరుకేనన్న ఎరుక ఇద్దరిదీ ఒకటే.

అంత పనికొచ్చేదైతే పరిశ్రమ బూడిదను ఎందుకు వదిలేసిందన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. 1791లో ఫ్రాన్స్‌లో నికొలా లెబ్లాంక్ ఉప్పు నుంచి, పొటాష్‌కు బదులు వాడదగిన సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1860లలో బెల్జియంవాడు సాల్వే ఆ సోడానే మరింత చవకగా తీశాడు. ఉప్పు ఎక్కడైనా ఉప్పే, బూడిద చెట్టుకొక తీరు. ఓడించింది బలహీనత కాదు, నిలకడలేమి. అదే బెల్జియంలో 1937లో షవాన్ అనే ఆయన పామాయిల్‌ను ఎస్టర్లుగా మార్చి ఇంధనంగా వాడేందుకు పేటెంటు తీసుకునేనాటికి బూడిద బేరం ఏనాడో ముగిసింది.

ఆ నిలకడలేమి నేటికీ పోలేదు, పైగా వాడిన నూనె దానికి తోడైంది. బూడిదలోని క్షారం సమక్షంలో నూనె మిథనాల్‌తో కలిస్తే ఇంధనం అవుతుంది. నీళ్లుంటే సబ్బు వైపు జారుతుంది. బూడిదతో అంట్లు తోమితే జిడ్డు వదలడంలో ఈ సబ్బు పాత్ర కూడా ఉంది. బజ్జీల మూకుడులో పదేపదే కాగిన నూనెలో పిండి తడీ, విడిపోయిన కొవ్వు ఆమ్లాలూ ఉంటాయి కనుక బూడిద అక్కడ తన పాత వృత్తికే మళ్లుతుంది. ఇలా కాగేకొద్దీ పెరిగే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని మన దేశంలో 2018 నుంచి నిబంధన ఉంది. అంటే బయోడీజిల్‌కు చేరవలసింది అలా బాగా చెడిన నూనే. దాన్ని వడగట్టి, కాచి తడి పోగొట్టి, ఆమ్లం మరీ ఎక్కువైతే వేరే అంచెలో తగ్గించాకే బూడిద దగ్గరికి తేవాలి.