ఎర్ర అక్షరం ఎవరి గుండెల మీద?

మన భాషలో వీటికి పెట్టిన పేరు ‘సుఖవ్యాధులు’. ఎవరి సుఖం? ఎవరి వ్యాధి? భర్త నుంచి జబ్బు అంటుకున్న ఇల్లాలికి ఆ మాటలోని మొదటి సగం ఏనాడూ దక్కి ఉండకపోవచ్చు. రెండో సగం మాత్రం ఆమె ఒంటి మీదే మిగిలిపోతుంది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు పదాల మీద అనుమానం ఎక్కువ. జననేంద్రియాలకు వచ్చే హెర్పిస్ చరిత్ర వెతకడం మొదలుపెట్టినప్పుడు కూడా ముందు ఆ పదం దగ్గరే ఆగాను. గ్రీకులో ‘హెర్పీన్’ అంటే పాకడం. మన ‘సర్పం’ కూడా ఆ ధాతువు కుటుంబంలోదే. చర్మం మీద పాకే పుండుకు ప్రాచీన వైద్యులు పెట్టిన పేరది. అందులో పాపమూ లేదు, శీలమూ లేదు. అవి తర్వాత వచ్చి చేరాయి.

1736లో ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆస్త్రుక్ లైంగిక వ్యాధుల గురించి రాసిన గ్రంథంలో జననేంద్రియాల మీది హెర్పిస్‌ను వర్ణించాడు. వర్ణన వైద్యులది. తీర్పు మాత్రం రాజ్యానిది. బ్రిటన్‌లో 1864లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. మన దేశంలో అదే ఏడాది కంటోన్మెంట్ చట్టం, 1868లో భారత అంటువ్యాధుల చట్టం వచ్చాయి. వేశ్యలుగా ముద్రపడ్డ స్త్రీల పేర్లు నమోదు చేశారు. నిర్బంధంగా వైద్య పరీక్షలు చేశారు. జబ్బు ఉందంటే ‘లాక్ హాస్పిటల్’లో పెట్టి కదలనివ్వలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లిన సోల్జర్లకు ఈ నిర్బంధం వర్తించలేదు. చట్టం కాపాడదలచుకున్నది వాళ్ల ఆరోగ్యాన్నే.

ఆ చట్టాల గురి ప్రధానంగా సవాయి, సెగ రోగాల మీద. కానీ కనిపించిన పుండు ఏ జబ్బుదో తేల్చగల ప్రయోగశాల అప్పటికి లేదు. సెగ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని 1879లో, సవాయి సూక్ష్మజీవిని 1905లో గానీ కనుక్కోలేదు. అంటే జబ్బేదో తెలియకముందే దోషి ఎవరో తేలిపోయిందన్నమాట! జోసఫీన్ బట్లర్ నాయకత్వంలో స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడాక బ్రిటన్‌లో 1886లో, ఇక్కడ 1888లో ఆ చట్టాలు రద్దయ్యాయి. చట్టాలు పోయాయి. చూపు పోయిందా?

1968లో నామియాస్, డౌడల్ అనే శాస్త్రవేత్తలు హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయని స్పష్టం చేశారు. ఒకటో రకం ఎక్కువగా పెదవుల దగ్గర, రెండోది ఎక్కువగా నడుము కింద పొక్కులు తెస్తుంది. అయితే నోటి ద్వారా ఒకటో రకం జననేంద్రియాలకూ సోకుతుంది. రెండూ దాయాదులే. పెదవి మీద వస్తే ‘జ్వరం పొక్కు’ అని నవ్వేసే సమాజం, అదే వైరస్ కిందికి దిగితే శీలపరీక్ష మొదలుపెడుతుంది.

1982 ఆగస్టులో అమెరికా ‘టైమ్’ పత్రిక తన ముఖచిత్రం మీద హెర్పిస్‌ను ‘స్కార్లెట్ లెటర్’తో పోల్చింది. హాథార్న్ 1850లో రాసిన ఆ నవలలో హెస్టర్ తన గుండెల మీద ఎర్ర అక్షరాన్ని బహిరంగంగా మోస్తుంది. ఆమెతో పాలుపంచుకున్న మతగురువు మాత్రం ఏడేళ్లపాటు గౌరవంగా వేదికలెక్కి ఉపన్యాసాలిస్తాడు. పోలిక పెట్టిన వాళ్లకు ఆ రెండో సంగతి ఎంతవరకు గుర్తుందో!

ఆ 1982లోనే అమెరికాలో ఎసైక్లోవిర్ లేపనానికి అనుమతి వచ్చింది. ఆ మందు వెనకున్న బృందానికి నాయకురాలు గెర్ట్రూడ్ ఎలియన్. ఆడపిల్లవని ప్రయోగశాలలు ఉద్యోగం ఇవ్వకపోతే ఎన్నో చిన్న పనులు చేసి, 1944లో బరోస్ వెల్‌కమ్‌లో చేరింది. ఉద్యోగం వదిలి పూర్తికాలం చదవమంటే పీహెచ్‌డీనే వదిలేసుకుంది. 1988లో నోబెల్ అందుకుంది. ఎసైక్లోవిర్ వైరస్ సోకిన కణాల్లోనే చురుకవుతుంది, ఎందుకంటే దాన్ని మేలుకొలిపే ఎంజైము వైరస్‌దే. శత్రువు చేతనే తాళం తీయించడమంటే ఇదే.

ఇదంతా నేను పరిశోధకురాలిగా మాత్రమే రాయడం లేదు. ఆ వైరస్ నా ఒంట్లోనూ ఉంది. రిపోర్టు చూసిన డాక్టరమ్మ మందు రాయకముందే అడిగింది: “మీ ఆయనకు తెలుసా?” మా ఆయన అడిగింది: “ఎవరి దగ్గర్నుంచి?” ఇద్దరి ప్రశ్నా నాకే. ఆయన రక్తపరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఆ ఇంట్లో ఆ మాట పలకడానికి నాకు పీహెచ్‌డీ కంటే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది.

ఆ ప్రశ్నకు శాస్త్రం దగ్గర జవాబు లేదు. ఈ వైరస్ వెన్ను అడుగు భాగంలోని నాడీకణాల్లో దాక్కుని ఏళ్ల తరబడి నిద్రపోగలదు. సోకిన చాలామందికి లక్షణాలే కనిపించవు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. కాబట్టి మొదటిసారి పొక్కు రావడం వ్యభిచారానికి రుజువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15-49 ఏళ్ల వాళ్లలో దాదాపు 84.6 కోట్ల మందికి, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా, జననేంద్రియ హెర్పిస్ ఉంది. రెండో రకం వైరస్ మగవాళ్ల నుంచి ఆడవాళ్లకు తేలిగ్గా సోకుతుంది కనుక ఆడవాళ్లలోనే ఎక్కువ.

పూర్తిగా నయం చేసే మందు, నివారించే టీకా ఇంకా రాలేదు. కానీ బతుకు ఆగదు. పొక్కులు మొదలవగానే మందు వేసుకుంటే తొందరగా మానతాయి. మాటిమాటికీ వస్తుంటే రోజూ మాత్ర వేసుకోవచ్చు. రోజూ వేసుకునే వాలసైక్లోవిర్ భాగస్వామికి సోకే అవకాశాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుందని 2004లో వెలువడిన అధ్యయనం చూపింది. కండోమ్ ఇంకొంత కాపాడుతుంది. పొక్కులున్నప్పుడు, వచ్చే ముందు మంట మొదలైనప్పుడు కలయిక వద్దు. పొక్కులు లేనప్పుడు కూడా కొంత ప్రమాదం ఉంటుందని ఇద్దరికీ తెలియాలి. గర్భిణి ఈ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి. నెలలు నిండే ముందు కొత్తగా సోకితేనే బిడ్డకు ఎక్కువ ప్రమాదం. పాత హెర్పిస్ ఉన్న స్త్రీలు చాలామంది మామూలుగానే కంటారు. నొప్పుల వేళ పొక్కులుంటే సిజేరియన్ చేస్తారు.

ఈ చివరి పేరా అందరికీ తెలియాల్సినంత మామూలు విషయం. అయినా అది ఆడవాళ్లకు చేరదు, ఎందుకంటే అడగడమే నేరం ఒప్పుకోవడంలా ఉంటుంది మన దగ్గర. హాథార్న్ నవలలో కాలం గడిచేకొద్దీ ఊరి జనం ఆ ఎర్ర అక్షరానికి ‘సమర్థురాలు’ అని అర్థం చెప్పుకుంటారు. అందుకోసం హెస్టర్ ఏళ్ల తరబడి ఆ ఊరికే సేవ చేయాల్సి వచ్చింది. ఒక వైరస్ సోకినందుకు మనం అంత మూల్యం ఎందుకు చెల్లించాలి? అక్షరానికి కొత్త అర్థం సంపాదించుకోవడం కాదు, అసలు ఆ అక్షరాన్ని కుట్టిన చేతుల్ని అడగాలి.