పత్తిగింజలోని పసుపు పదార్థము

జుట్టు రాలకుండుటకనియు, హార్మోనులను చక్కబరచుటకనియు నేడు అమ్ముచున్న పొడులకు, బిళ్లలకు లెక్కలేదు. మొక్కలనుండి తీసినవి గనుక హాని చేయవని అమ్మువారు చెప్పుదురు. ఈ మాట ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో మిరపతోపాటు పండు పత్తినే అడుగవచ్చును.

ఈ సీమలో పత్తిగింజ పశువుల మేత. నానబెట్టి రుబ్బిన గింజలు పెట్టి మన రైతులు దుక్కిటెడ్లను, ఒంగోలు గిత్తలను తరతరములుగా పెంచిరి. ఆ గింజను కోసి చూచినచో పప్పులో నల్లని చుక్కలు కనబడును. వానిలో నుండునదే గాసిపాల్ అను పసుపు పదార్థము. ఆ పేరు 1899లో పోలండు రసాయన శాస్త్రజ్ఞుడు మార్హ్‌లెవ్‌స్కీ పెట్టినది. పురుగుల బారినుండి తప్పించుకొనుటకు మొక్క సమకూర్చుకొన్న విషమది. నెమరువేయు పశువు పెద్దకడుపులో అది మాంసకృత్తులతో కలిసి చాలవరకు శక్తి కోల్పోవును. పాలు మరువని దూడకు, పందికి, కోడికి ఆ రక్షణ లేదు. మితిమీరినచో గిత్తకును కీడే.

మనుష్యుల సంగతి చైనాలో బయటపడెను. అచ్చటి కొన్ని పల్లెలలో, గింజలను వేడిచేయక ఆడించిన ముడినూనెను వంటకు వాడిన ఇండ్లలో సంతానము కలుగుట ఆగిపోయెను. ఇట్టిచోట్ల నింద ముందుగా కోడలిపైననే పడుట మనకును తెలిసినదే. నేరము నూనెదని 1957లో అచ్చటి వైద్యుడొకరు ప్రకటించెను. 1970 దశకములో ఆ పదార్థమునే పురుషుల కుటుంబనియంత్రణ మాత్రగా ఎనిమిదివేల మందికి పైగా ఇచ్చి పరీక్షించిరి. ఇంచుమించు అందరిలోను అది పనిచేసెను.

విచిత్రమేమనగా, వారి రక్తములో పురుష హార్మోను కొలతలు చాలవరకు మామూలుగనే యుండెను. వీర్యకణములు పుట్టుట మాత్రమే ఆగినది. కావున హార్మోను పరీక్ష సరిగా వచ్చినంత మాత్రమున, తినుచున్న పొడి నిరపాయమని అనుకొనుటకు వీలులేదు. మగవారి బట్టతల విషయమును ఇట్టిదే: రక్తములోని హార్మోను సాధారణముగా హెచ్చదు, వెండ్రుక కుదుళ్లు దానికి లొంగు తీరులోనే భేదముండును. రక్తములో లేని లోపమును చక్కబరచెదనను బిళ్ల దేనిని చక్కబరచునో, అడిగి తెలిసికొనవలసిన మాటయే.

ఆ మాత్ర నిలువలేదు. కొందరికి రక్తములో పొటాషియం పడిపోయి కాలుసేతులు చచ్చుబడెను. నూటికి పదిమంది వరకు, మాత్ర మానినను సంతానశక్తి తిరిగి రాలేదు. 1986 నాటికి ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి.

ఇంటి వంటకు వచ్చు శుద్ధిచేసిన పత్తిగింజల నూనెను గూర్చి భయపడనక్కరలేదు. మిల్లులలో క్షారముతో కడిగి ఈ పదార్థమును తొలగించెదరు. పచ్చిగింజల పొడి, గానుగ ముడినూనె వేరు. ఆకులో విషము నిలుపుకొని గింజలో దాదాపు లేకుండ చేసిన పత్తిని అమెరికాలో కీర్తి రాథోడ్ బృందము రూపొందించగా, దాని సాగుకు అచ్చటి ప్రభుత్వము 2018లో సమ్మతించెను. మన చేలలోని గింజలో ఆ నల్లచుక్కలు ఇంకను ఉన్నవి.