గీత మారింది, పెత్తనం ఎప్పుడు దిగుతుంది?

సూళ్లూరుపేట మనిషికి జిల్లా కేంద్రమంటే తరతరాలుగా నెల్లూరే. కలెక్టరాఫీసులో పనిపడితే రైలెక్కి ఉత్తరానికి తొంభై కిలోమీటర్లు పోవలసిందే. 2022 ఏప్రిల్ 4న ఆ దారి మళ్లింది. రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయిన ఆ రోజు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరింది, రెవెన్యూ డివిజన్ కేంద్రమూ అయింది. ఇప్పుడు అర్జీ పట్టుకున్నవాళ్లు నాయుడుపేట దాకా వెళ్లి, అక్కణ్నుంచి పడమటికి తిరిగి, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరుతున్నారు. ఆఫీసు చోటు మారింది. అధికారం ఊరికి ఎంత దగ్గరైందో తెలియాలంటే డెబ్బై ఏళ్లు వెనక్కి చూడాలి.

1952 అక్టోబరు 2న దేశమంతటా 55 చోట్ల సమాజాభివృద్ధి పథకం మొదలైంది. 1956లో దానికోసం ఢిల్లీలో ఒక మంత్రిత్వశాఖే వెలిసింది. ఎస్.కె. డే దానికి మంత్రి. పథకాలు ఆఫీసర్లవిగానే మిగిలిపోతున్నాయని, జనం ఎన్నుకున్న సంస్థల చేతికి పనులు అప్పగించాలని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చి చెప్పింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అదే నెలలో అప్పటి మన రాష్ట్రంలోని షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. సమితి, బి.డి.ఓ., గ్రామసేవక్ అన్న మాటలు పల్లె నోళ్లలో నానింది ఆ కాలంలోనే. కానీ 1966లో ఆ మంత్రిత్వశాఖను ఆహార, వ్యవసాయ శాఖలో కలిపేశారు. పైన అడిగే గొంతు తగ్గేసరికి కింద సమితులూ నీరసించాయి.

ఆ రోజుల్లోనే ఈ ప్రాంతం రూపురేఖలు మార్చిన నిర్ణయం ఒకటి జరిగింది. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 ఎగిరింది. పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు సూళ్లూరుపేటను దేశపటంలోకి ఎక్కించింది. దేశం గర్వించదగ్గ పని అది. అయితే ఈ నేల చూసిన అతి పెద్ద మార్పు ఏ సమితి తీర్మానంలోనూ పుట్టలేదన్న సంగతి కూడా చరిత్రలో ఉండాల్సిందే. అభివృద్ధి పైనుంచి వచ్చింది. పంచాయతీల పని దానికి దారి ఇవ్వడం వరకే.

కింది అంచెను కదిలించింది రాష్ట్రమే. 1984 దాకా ఊరి లెక్క కరణంగారింట్లో ఉండేది. ఎవరి పొలం ఎంత, ఏ సర్వే నంబరు, ఎవరి అనుభవంలో ఉంది అని తెలియాలంటే ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, ఆయన పెట్టె తెరిచేదాకా ఆగాలి. ఆ ఏడాది కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తడ, దొరవారిసత్రం, పెళ్లకూరు, ఓజిలి తమ తమ మండలాఫీసులు దక్కించుకున్నాయి. మండల స్థాయి పంచాయతీలు ఉండాలని 1978లో అశోక్ మెహతా కమిటీ చెప్పిన మాట ఇలా మన దగ్గర రూపం దాల్చింది. సామాన్యుడు ఆఫీసుకు నడిచి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగాడు. వికేంద్రీకరణ ఫలం జనం చేతికి నేరుగా అందిందంటే అప్పుడే.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. అయిదేళ్లకోసారి ఎన్నికలు, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు, రాష్ట్ర ఆర్థిక సంఘం అన్నీ రాజ్యాంగానికెక్కాయి. 2004లో కేంద్రంలో పంచాయతీరాజ్‌కు మళ్లీ విడిగా మంత్రిత్వశాఖ ఏర్పడింది. వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి దాని చేతిమీదుగానే నడిచింది. దేశంలో 250 జిల్లాలకు ఆ డబ్బు వచ్చింది. గ్రామసభ నుంచి జిల్లా ప్రణాళికా సంఘం దాకా ప్రణాళిక కిందినుంచి రావాలన్నది దాని షరతు. మంచి షరతే.

ఆ జాబితాలో ఉమ్మడి రాష్ట్రంలోని 13 జిల్లాలున్నాయి. చిత్తూరు ఉంది, నెల్లూరు లేదు. తడ నెల్లూరు జిల్లా, దానికి పడమట వరదయ్యపాలెం చిత్తూరు జిల్లా. రెండుచోట్లా కురిసేది అదే ఈశాన్య రుతుపవనపు వాన, కూలీలు ఎక్కేదీ అదే చెన్నై రైలు. కానీ గీతకు అటువైపు పల్లె వెనుకబడినది, ఇటువైపు పల్లె కాదు. ఉపాధి హామీ 2006లో మొదటి విడతలోనే చిత్తూరుకు వచ్చింది, నెల్లూరుకు రెండో విడత దాకా ఆగాల్సి వచ్చింది. పేదరికాన్ని జిల్లాల లెక్కన కొలిస్తే సరిహద్దు ఊళ్లకు జరిగే అన్యాయం ఇదే. 2022లో ఆ రెండు మండలాలూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. అప్పటికి ఆ నిధికి 2015లోనే కేంద్రం చెల్లుచీటీ రాసేసింది. కేంద్ర ప్రణాళికా సంఘం కూడా పోయి, అదే 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది.

ఆ తర్వాత డబ్బు కేంద్ర ఆర్థిక సంఘాల దారిలో వస్తోంది. 14వ సంఘం మండలాన్నీ జిల్లా పరిషత్తునూ పక్కనపెట్టి గ్రామ పంచాయతీకే ఇచ్చింది. 15వ సంఘం మూడు అంచెలకూ పంచింది. కానీ నూటికి అరవై రూపాయలు తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని ముడి వేసింది. పులికాట్ ఒడ్డున ఒక చిన్న పంచాయతీని ఊహించుకోండి. పడవల రేవుకు పోయే బాట వానకు కోసుకుపోయింది. దాని మీద కల్వర్టు కావాలని ఊరంతా అడుగుతుంది. ఖాతాలో డబ్బుంది, కానీ అందులో సగానికి పైగా ఈ పనికి వాడకూడదు. సర్పంచి, కార్యదర్శి డిజిటల్ సంతకాలు పెట్టి పంపే బిల్లు కంప్యూటర్లో నిమిషంలో కదులుతుంది. ఏ పని చేయాలన్న నిర్ణయం మాత్రం ఇంకా ఢిల్లీలోనే ఉంది.

మన వైపూ తప్పుంది. రాజ్యాంగం అయిదేళ్లన్నా, మన పంచాయతీ ఎన్నికలు 2013 తర్వాత జరిగింది 2021లోనే. మధ్యలో ఊళ్లను ప్రత్యేకాధికారులే ఏలారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంటు ఆగుతుందని తెలిసీ ఇలా జరిగింది.

డెబ్బై ఏళ్ల లెక్క తీస్తే తేలేదొకటే. ఆఫీసు తాలూకా నుంచి మండలానికి, మండలం నుంచి 2019లో గ్రామ సచివాలయానికి దిగింది. పెత్తనం మాత్రం మెట్టుమెట్టుకూ ఆగి ఆగి వచ్చింది. జిల్లా గీత ఎటు జరిపినా ఊరికి తన పని తాను ఎంచుకునే హక్కు రాకపోతే అది చిరునామా మార్పే అవుతుంది. ఆ హక్కుకు రాజ్యాంగం ఇచ్చిన తలుపు గ్రామసభ. వచ్చే అక్టోబరు 2న మీ ఊరి గ్రామసభకు వెళ్లండి. వచ్చే ఏడాది ప్రణాళిక చదవమని అడగండి, మీ ఊరికి కావలసిన పని అందులో లేకపోతే రాయించండి.