ఫుల్‌స్టాపులతో గీసిన పారబోలా

లెక్కల పుస్తకం అచ్చులో సమీకరణం ఒక తలనొప్పి అయితే, దాని పక్కన ఉండాల్సిన గ్రాఫు ఇంకో తలనొప్పి. సీసపు అక్షరాల కాలంలో గ్రాఫును ఆర్టిస్టు సిరాతో గీసేవాడు. దాన్ని బ్లాకు చేయించి అక్షరాల మధ్య బిగించేవారు.

1977లో డొనాల్డ్ కనూత్ తన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, టెక్ అనే సాఫ్ట్‌వేర్ తయారీకి పూనుకున్నారు. సమీకరణాల బాధ దాంతో తీరింది. గ్రాఫు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. టెక్‌కు తెలిసింది అక్షరాలు పేర్చడం, నిలువుగీతలు, అడ్డగీతలు వేయడం. ఏటవాలు గీత కూడా దానికి రాదు!

1980లలో లెస్లీ లాంపోర్ట్ టెక్ మీద కట్టిన తన లేటెక్‌లో ఒక ఉపాయం పన్నారు. వాలుగీతల ముక్కలనే అక్షరాలుగా ఫాంటులో చేర్చారు. అయితే వాలు చెప్పే రెండు అంకెలూ 6 దాటకూడదు. 7కు 1 వాలు కావాలంటే కుదరదు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ విచురా ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆయన పిక్‌టెక్‌లో వక్రరేఖ అంటే చిన్న సైజు ఫుల్‌స్టాపులను ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోవడమే. ఆనాటి కంప్యూటర్ల మెమరీ వాటికే చాలేది కాదు. మొండితనమే అయినా ముచ్చటైన మొండితనం.

తర్వాత పోస్ట్‌స్క్రిప్ట్, పీడీఎఫ్ వచ్చి గీతల సమస్య తీర్చాయి. జర్మనీలో టిల్ టాంటౌ తన పీహెచ్‌డీ గ్రంథంలో బొమ్మల కోసం మొదలుపెట్టిన పనే టెక్‌లో బొమ్మలు గీసే టిక్‌జెడ్‌గా ఎదిగింది. ఇక మిగిలింది గ్రాఫు బిందువుల లెక్క. ఏ యంత్రం మీదైనా పేజీ ఒకేలా రావాలని కనూత్ టెక్‌లో కొలతలన్నిటికీ పూర్ణాంకాలే వాడారు. అందులో అతిపెద్ద కొలత 16,384 పాయింట్లకు రవ్వంత తక్కువ, అంటే సుమారు ఐదుముప్పావు మీటర్లు. కాగితానికి అది ఎక్కువే, గణితానికి ఏ మూలకు? పారబోలాకు కావలసిన వర్గాలే చూడండి: 127 వర్గం 16,129, గట్టెక్కుతుంది. 128 వర్గం సరిగ్గా 16,384. అక్కడ టెక్ చేతులెత్తేస్తుంది. క్రిస్టియన్ ఫాయర్‌సెంగర్ టిక్‌జెడ్ మీద గ్రాఫులు గీసే తన పీజీఎఫ్‌ప్లాట్స్‌లో ఈ అడ్డంకిని దాటించారు. పెద్ద సంఖ్యను ముక్కలు చేసి, టెక్ మాక్రోలతోనే లెక్క కట్టించారు.

ఇప్పుడు ఒక్క వరస రాస్తే చాలు, గ్రాఫు పుస్తకంలోని అక్షరాలతోనే పేజీలో వచ్చి కూర్చుంటుంది. కొత్తగా వాడేవారికి ఒక మాట: పీజీఎఫ్‌ప్లాట్స్ మామూలుగా సైన్ విలువను డిగ్రీల్లో లెక్కిస్తుంది. అలల బదులు ఇంచుమించు తిన్నని గీత కనిపిస్తే, రేడియన్లకు మార్చండి.