కొలిమి ఒక్కటి, కొలువులు రెండు

సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమునకు చేరువను, హో, సంతాల, భూమిజ జనుల పొలములతోడను సాలవనములతోడను నిండియున్న సాక్చి గ్రామమున 1908లో నేల చదునుచేసి టాటా ఉక్కు కార్ఖానా కట్టనారంభించిన నాడు, ఆ మహాప్రయత్నమునకు మూలధనమిచ్చినవారు భారతీయులే. లండను నగరమున పెట్టుబడి లభింపకపోగా, 1907 ఆగస్టులో బొంబాయిలో వాటాలు విక్రయమునకు పెట్టినంతనే, స్వదేశీయోద్యమపు వేడిలోనున్న ఎనిమిదివేల మంది మూడు వారములలో ఆ సొమ్మును సమకూర్చిరి. 1912 ఫిబ్రవరి 16వ తేదీన మొదటి ఉక్కుదిమ్మె వెలువడెను. ధనము స్వదేశీయము, యాజమాన్యము స్వదేశీయము, చెమట స్వదేశీయము. కాని కొలిమి ముందర నిలిచి ఆజ్ఞాపించు అధికారము మాత్రము చిరకాలము విదేశీయులదిగనే యుండెను. జంషెడ్‌పూరు చరిత్రమున నాకు మిక్కిలి విచారణీయముగ తోచు విషయమిదియే.

భారతీయులు రైలుపట్టాలకు తగిన ఉక్కు చేయగలిగినచో దానిని పౌను పౌనుగా తానే భక్షింతునని రైల్వే కమీషనరు సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్ పలికెనని నేటికిని చెప్పుకొందురు. ఆ ఉక్కుతో చేసిన పట్టాలు మొదటి ప్రపంచయుద్ధమున 1,500 మైళ్ల మేర మెసొపొటేమియాకు తరలిపోయెను; అందుకు కృతజ్ఞతగా 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డు సాక్చికి, ఈ కార్ఖానాను సంకల్పించిన జంషెడ్జీ టాటా పేర, జంషెడ్‌పూరని పేరు పెట్టెను. దేశీయుల శక్తిని గూర్చిన సంశయము ఈవిధముగ రైలుపట్టాల విషయమున తీరినను, మనుష్యుల విషయమున తీరలేదు.

అమెరికా, బ్రిటను, జర్మనీ దేశములనుండి ఒడంబడికమీద రప్పింపబడిన నిపుణులను కార్ఖానాలో ‘కవెనెంటెడ్’ వారనెడివారు. వారికిని, వారి ప్రక్కన నిలిచి పనిచేయు దేశీయులకును జీతములలో పలు రెట్లు అంతరముండెడిది. కార్ఖానా ద్వారము దాటినను ఆ అంతరము వెన్నంటియే వచ్చెడిది. విశాలమైన తోటల నడుమ బంగళాలున్న నార్దర్న్ టౌన్ దొరల నివాసము. బెల్డీ క్లబ్బు దొరల వినోదస్థానము. కూలీజనులకో, ఇరుకు బస్తీలు, పొగ, ధూళి. ఎవరెక్కడ నివసింపవలెనో, ఎవరితో సాయంకాలము కూర్చుండవలెనో కూడ వర్ణమే నిర్ణయించినది.

కొలిమియొద్ద పని ఎట్లుండునో చూచినగాని ఈ భేదముయొక్క నిజస్వరూపము బోధపడదు. నీలపు అద్దము కంటికి అడ్డముగ పట్టుకొని, కొలిమి కిటికీలోనుండి ఉడుకుచున్న లోహమును పరికించి, పొడవైన గరిటెతో కొంత రసము తీసి, చిన్న అచ్చులో పోసి, చల్లార్చి, సుత్తితో పగులగొట్టి, విరిగిన ముఖముయొక్క పలుకును బట్టి బొగ్గుపాలు ఎంతయున్నదో నిర్ణయించుట ఆ విద్యలో కీలకము. అది కన్ను నేర్చు విద్య. ఏండ్లతరబడి పక్కన నిలిచి గరిటె పట్టిన దేశీయునికి ఆ కన్ను రాలేదనుట అసంభవము. కాని వచ్చినదని ఒప్పుకొని కొలిమిని అతని చేతికప్పగించువారు లేకపోయిరి. నేర్చినవాని నేర్పును గుర్తింపకుండుటయే వర్ణాధిక్యముయొక్క అతిసూక్ష్మమైన ఆయుధము.

దక్షిణాఫ్రికాలో గనుల నిపుణోద్యోగములనుండి నల్లజాతివారిని దూరముచేయుటకు 1926లో శాసనమునే సవరింపవలసివచ్చెను. జంషెడ్‌పూరున అట్టి శాసన మేమియు లేదు, దాని ఆవశ్యకతయును లేదు. శిక్షణమిచ్చు పాఠశాల లేకుండుటయే అక్కడ శాసనమువలె పనిచేసినది. చదువు లేదు గనుక ఉద్యోగము లేదనిరి, ఉద్యోగము లేదు గనుక అనుభవము లేదనిరి, అనుభవము లేదు గనుక దొరలను రప్పింపక తప్పదనిరి.

ఈ వలయమును ఛేదించినది 1921లో స్థాపింపబడిన జంషెడ్‌పూరు టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. అటుపై 1924లో విదేశపు ఉక్కు పోటీకి తాళలేక కంపెనీ సుంకరక్షణము కోరగా, దేశప్రజలు పన్నుభారము వహించి నిలబెట్టు కార్ఖానాలో దేశీయులకు పెద్దపదవు లేల లేవన్న ప్రశ్న బలపడెను. దొరల జీతములు వ్యయభారమై కనబడుట, శిక్షణ పొందిన యువకులు చేతికందుట, ప్రజాభిప్రాయము మేల్కొనుట, ఈ మూడును కలిసి, న్యాయబుద్ధి ఒంటరిగ చేయలేని పనిని క్రమక్రమముగ చేసెను.

కార్మికులును ఊరకుండలేదు. 1920 సమ్మెనాట పుట్టిన లేబర్ అసోసియేషనుకు దీనబంధు ఆండ్రూస్ అధ్యక్షుడై నిలువగా, 1925 ఆగస్టులో గాంధీమహాత్ముడు స్వయముగ వచ్చి కంపెనీచేత సంఘమునకు గుర్తింపు నిప్పించెను. 1928 మహాసమ్మెనాట నాయకత్వము వహించిన సుభాష్ చంద్రబోసు, ఆ సంవత్సరమే కంపెనీ పెద్దలలో నొకడైన సక్లత్‌వాలాకు లేఖ వ్రాసి, ఉన్నతోద్యోగములలో భారతీయులను నియమించుటలో జరుగుచున్న జాప్యమును ఎత్తిచూపెను. పదేండ్లకు, 1938లో, జహంగీరు ఘాందీ మొట్టమొదటి భారతీయ జనరల్ మేనేజరయ్యెను. తొలి ఉక్కు వెలువడిన పిదప ఇరువదియారేండ్లకు!

అయినను ఈ కథను ఇంతటితో ముగించి సంతసించుట నాకు న్యాయముగ తోచదు. తెరచిన ద్వారమునొద్దకు నడచి రాగలిగినవారెవరు? ఇంగ్లీషును శాస్త్రమును కళాశాలలో చదివిన మధ్యతరగతి యువకులు. ఎవరి పొలములమీద కొలుములు లేచెనో ఆ హో, సంతాల జనులును, తలలపై ఇటుకలు, ముడిఖనిజము మోసిన రేజా స్త్రీలును ఆ ద్వారమునకు వెలుపలనే మిగిలిపోయిరి. మన తెలుగువారును బెంగాల్ నాగపూర్ రైలుమార్గమున శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి ఇచ్చటికి వలసవచ్చి, బిష్టుపురమున ఆంధ్రభక్త శ్రీరామమందిరము నిర్మించుకొని, కదమాలో సంఘము కూర్చుకొని, తమ బిడ్డలకు అక్షరము నేర్పుకొనిరి. రైలుదిగిన కూలి మనుమడు ఇంజనీరగుటకు మూలము ఆ అక్షరమే. అది అందని ఆదివాసి ఇంట మనుమడును తాతవలెనే కూలియై నిలిచిన, ఆ తప్పు అతని తెలివిది కాదు.

2000లో ఝార్ఖండు రాష్ట్రమేర్పడెను. 2003 సవరణముచేత సంతాలీ భాష రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున చేరెను. ఇవి గౌరవములు, కాని గౌరవము బడియగునపుడుగాని దాని ఫలము పిల్లవాని పలకమీదికి రాదు. వర్ణాధిక్యము పోయినదని చెప్పుకొనుటకు దొర కుర్చీలో దేశీయుడు కూర్చుండుట చాలదు. ఆ కుర్చీకి పోవు మెట్లలో మొదటిది ఊరి చివరి గుడిసె ముంగిట ఉండవలెను. ఆ గుడిసెలోని బాలికకు ఆమె మాతృభాషలో అక్షరమును, పిదప యంత్రవిద్యను, నేర్చినదానికి తగిన గుర్తింపును సమకూర్చుట మన పని. అది దయ కాదు, ఆ నేలకు మనము శతాబ్దముగ పడియున్న ఋణము.