పచ్చగా ఉన్నా చచ్చిన ఆకు

చెన్నైలోని షోళింగనల్లూరు మీదుగా సాగే బకింగ్‌హాం కాలువలోకి పళ్ళికరణై చిత్తడి నేల నీళ్లు ఒక్కియం మడువు దారిన వచ్చి కలుస్తాయి. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా దానికి 2022లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. దాన్ని ఆనుకునే పెరుంగుడి చెత్త దిబ్బ ఉంది. పారేసిన బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ సామాను నానేచోట ఊటలోకి సీసం, కాడ్మియం, రాగి దిగుతాయి. అలాంటి నీళ్లలోనూ మొక్కలు పచ్చగా కనిపించవచ్చు. ఆ పచ్చదనాన్ని నమ్మవచ్చా? జవాబు దొరకడానికి 150 ఏళ్లు పట్టింది.

ముందు తెలిసింది మొక్కల ఆకలి గురించి. 1843 ప్రాంతంలో ఫ్రెంచ్ రసాయనవేత్త యూసేబ్ గ్రీ పాలిపోయిన మొక్కలకు అన్నభేది అనే ఇనుప లవణపు ద్రావణం పట్టించి చూశాడు. ఆకులు తిరిగి పచ్చబడ్డాయి. పత్రహరితం అణువు నడిమధ్యన ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు. అయితే ఆ అణువు తయారు కావాలంటే ఇనుము ఉండాల్సిందే. మెట్ట నారుమడి తెల్లబడితే మన రైతులు అన్నభేదిలో నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేసేది అందుకే.

వరిలో ఇలాంటి చిక్కుముడినే యశ్వంత్ లక్ష్మణ్ నేనే విప్పారు. హిమాలయాల దిగువనున్న తెరాయి ప్రాంతపు వరి ఆకులపై తుప్పురంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారేది. దాన్ని ఖైరా తెగులు అనేవారు. యశ్వంత్ నేనే తెగుళ్ల శాస్త్రవేత్త. ఆయన తేల్చింది మాత్రం క్రిమి కాదు, జింకు లోపమని. 1966లో ఆ సంగతి ప్రకటించారు. ఆకులో కార్బన్ డయాక్సైడును అందించడానికి తోడ్పడే ఒక ఎంజైముకు జింకు ప్రాణం. ఆయన తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో చాలాకాలం పనిచేశారు. తెగులు మందు చల్లే ముందు పోషకాన్ని అనుమానించడం ఆయన నేర్పిన గొప్ప పాఠమని నా నమ్మకం.

కానీ ఆకలి చూపే లక్షణాలనే విషమూ చూపిస్తుంది. అదే జింకు, రాగి మోతాదు మించితే వేరు ఇనుమును సరిగా తీసుకోలేదు; ఆకు పసుపెక్కుతుంది. చూసినవాళ్లు లోపమనుకుంటారు.

1996లో జర్మన్ పరిశోధకుడు హెండ్రిక్ కుప్పర్, సహచరులు నీటి మొక్కలపై చేసిన పని ఈ కథలో అన్నిటికన్నా ఆశ్చర్యకరం. రాగి, జింకు, కాడ్మియం వంటి లోహాలు పత్రహరితంలోకి చొరబడి మెగ్నీషియంను గెంటేసి దాని పీటమీద కూర్చుంటాయి. అలా మారిన అణువు పట్టిన వెలుగును ముందుకు అందించలేదు; కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది. రాగి చేరిన పత్రహరితం ఎంత గట్టిదంటే, మసక వెలుతురులో పెరిగిన మొక్క చచ్చిపోయాక కూడా పచ్చగానే ఉంటుంది.

రంగు చెప్పనిది వెలుగు చెబుతుంది. చీకట్లో ఉంచిన ఆకుపై కాంతి పడగానే అది సన్నని ఎర్రని వెలుగు వెలువరిస్తుందనీ, ఆ వెలుగు పెరిగి తగ్గుతుందనీ 1931లోనే శాస్త్రవేత్త హాన్స్ కౌట్‌స్కీ గమనించాడు. లోహం దెబ్బతీసిన ఆకులో ఆ వెలుగు తీరు మారుతుంది. ఇప్పుడు దాన్ని కొలిచే పరికరాలున్నాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఎం.ఎన్.వి. ప్రసాద్ లోహాల ఒత్తిడిలో మొక్కల బతుకుపై ఏళ్లతరబడి పనిచేశారు. పోలండ్ శాస్త్రవేత్తలతో కలిసి లెమ్నా అనే నీటి మొక్కలో కాడ్మియం, రాగి చేరితే ఏమవుతుందో పరిశీలించి 2001లో ప్రచురించారు. ఏటా వానలు వెలిశాక ఒక్కియం మడువు మొక్కలకూ ఇలాంటి పరీక్షలు చేయించి, ఫలితాలను కాలువ ఒడ్డున ఉండే జనం ముందు పెట్టాలని అధికారులను కోరుతున్నాను.